స్వభావం మారిందా? అది జబ్బు కావచ్చు



మతిమరుపు జబ్బు అనగానే మనకు డెబ్బై ఏళ్ళు దాటినవారు గుర్తుకు వస్తారు. కానీ ఎక్కువగా 45 నుండి 65 ఏళ్ళ మధ్య, అంటే సంపాదించే వయసులో వచ్చే డిమెన్షియా ఒకటి ఉన్నది. దాని పేరు ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా. క్లుప్తంగా ఎఫ్.టి.డి. అంటారు. ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు 1892లోనే ఇటువంటి రోగిని గురించి వ్రాశారు. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్‌కు ఈ జబ్బు ఉన్నదని ఆయన కుటుంబం ప్రకటించాక చాలామంది దీని పేరు విన్నారు.

ఎందుకు వస్తుంది?

మెదడు ముందు భాగంలోను, కణతల వైపు భాగంలోను కణాలు క్రమంగా నశిస్తాయి. ముందు భాగం మన ప్రవర్తనకు కళ్ళెం వంటిది. కణతల వైపు భాగం మాటలకు అర్థం తెలుపుతుంది. అందువలన మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉండి, నడవడిక గాని మాట గాని దెబ్బతింటుంది. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యంగా వస్తుంది.

లక్షణాలు

1. మర్యాదస్థులు నలుగురిలో అనరాని మాటలు అనడం.
2. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా పట్టనట్లు ఉండడం.
3. డబ్బు లెక్కలేకుండా ఖర్చుచేయడం, అడిగినవారికల్లా ఇచ్చేయడం.
4. తీపి పదార్థాలు అతిగా తినడం.
5. ఒకే పనిని, ఒకే మాటను పదేపదే చేయడం, అనడం.
6. మాట తడబడడం, "దువ్వెన అంటే ఏమిటి?" అని అడగడం.

తనలో మార్పు వచ్చిందని రోగికి తెలియదు. అందుచేత బంధువులు "పొగరెక్కింది" అంటారు, లేదా చేతబడి అంటారు, లేదా భార్యను నిందిస్తారు. ఈ నిందలే కుటుంబాన్ని ఎక్కువగా కృంగదీస్తున్నాయని మేము గమనిస్తున్నాము.

ఏమి చేయాలి?

న్యూరాలజిస్టుకు చూపించండి. హైదరాబాదులో నిమ్స్, బెంగుళూరులో నిమ్‌హాన్స్ వంటి చోట్ల న్యూరాలజీ విభాగాలు ఉన్నాయి. స్కానింగు, రక్తపరీక్షలతో పాటు ఇంటివారు చెప్పే వివరాలు ఎంతో ముఖ్యం. ఏ మార్పు ఎప్పుడు మొదలైందో కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. ఈ జబ్బును నయం చేసే మందు ఇంకా లేదు. ప్రవర్తనను అదుపుచేసే మందులు ఉన్నాయి. అల్జీమర్స్‌కు ఇచ్చే మందులు కొందరిలో ఈ జబ్బు లక్షణాలను పెంచుతాయి గనుక సొంతంగా వాడవద్దు. "పూర్తిగా నయం చేస్తాము" అనేవారికి డబ్బు పోయవద్దు.

రోగితో వాదించకండి. రోజూ ఒకే వేళకు ఒకే పని చేయించండి. ఏ.టి.ఎం. కార్డు, బండి తాళాలు, మిఠాయిలు అందకుండా ఉంచండి. జబ్బు ముదిరినప్పుడు మింగడం కష్టమవుతుంది. కూర్చోబెట్టి మెత్తని ఆహారం కొద్దికొద్దిగా పెట్టండి.

ఉద్యోగం మాట

జబ్బు తేలకముందే రాజీనామా చేయించవద్దు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని ఆ కారణంతో తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. వైకల్య ధ్రువపత్రం గురించి డాక్టరును అడగండి. ఒక్క సంతకంతో జీతం, పెన్షను పోగొట్టుకోవద్దు.

మనం చేయగల సహాయం

ఈ జబ్బు సంవత్సరాల తరబడి సాగుతుంది. ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా అందే కొద్ది మొత్తం కుటుంబానికి ఎక్కువ ఆసరా. పిల్లల ఫీజులు, డైపర్లు, మనిషిని పెట్టుకునే ఖర్చు ఆగవు కదా! చందాలు వసూలు చేసేవారు ఈ మూడు సంగతులు పాటించాలి:

- రోగి ఫోటో గాని, వింత చేష్టల వీడియో గాని ఎవరికీ పంపవద్దు. వద్దు అని చెప్పే శక్తి ఆయనకు లేదు.
- రశీదు ఇవ్వండి. లెక్కను ఇద్దరు చూడాలి.
- డబ్బు రోగి చేతికి ఇవ్వకండి. సేవచేస్తున్నవారికి అందించండి.

డబ్బు ఇవ్వలేనివారు వారానికి రెండు గంటలు రోగి దగ్గర కూర్చోండి. ఆ ఇల్లాలు బ్యాంకుకు వెళ్ళిరావచ్చు, కంటినిండా నిద్రపోవచ్చు. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో శాఖ ఉన్నది. సేవచేసేవారి మనసు కృంగినప్పుడు టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మీ వీధిలో ఎవరి స్వభావమైనా ఒక్కసారిగా మారిందని విన్నప్పుడు, నింద వేయకముందు "డాక్టరుకు చూపించారా?" అని అడగండి.