మీకు తెలుసా? ఫీనిక్స్ బేలో కారుకు ఉప్పుగాలి పరీక్ష

అండమాన్‌లో రైలు లేదు. ప్రధాన భూభాగం నుంచి ఏ కారైనా ఓడెక్కి రావాల్సిందే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లో, స్వరాజ్ ద్వీప్‌కు ఫెర్రీలు కదిలే ఫీనిక్స్ బేలో ఉండే కుటుంబం కారు కొనేటప్పుడు మైలేజీ కంటే ముందు దాని అడుగుభాగం చూసుకోవాలి. ఇక్కడ ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలోని ఉప్పు రేకుపై పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి తుప్పు త్వరగా పడుతుంది. అడుగున యాంటీ రస్ట్ పూత వేయించడం, మంచినీళ్లతో తరచూ కడగడం, తలుపుల అడుగంచున నీరు కారే రంధ్రాలు పూడకుండా చూడటం ఇక్కడ తప్పనిసరి అంటాను. సెకండ్ హ్యాండ్ బండైతే తుప్పు ఉందేమో మ్యాట్లు ఎత్తి మరీ చూడండి.

ఎత్తుపల్లాల ఊరు కనుక మిట్టపై ఆపి, హ్యాండ్‌బ్రేక్ నిలుస్తుందో లేదో పరీక్షించాలి. ఇరుకు మలుపుల్లో టర్నింగ్ రేడియస్ కీలకం: వ్యాగన్ ఆర్‌కు అది 4.7 మీటర్లు, డిక్కీ 341 లీటర్లు. నలుగురికి చాలు. పైగా ఇలాంటి, పొడవు 4 మీటర్లు, ఇంజిన్ 1,200 సీసీ మించని పెట్రోల్ కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమే.