షేరు బ్రోకరు ఎవరు? ఆయన చేతిలో ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు?

ఆదోని యార్డుకు పత్తి తోలుకొనిపోయే రైతుకైనా, బళ్ళారి, కర్నూలు పల్లెల నుండి బ్యాడిగికి ఎండుమిర్చి తీసుకొనిపోయే రైతుకైనా అక్కడ ఇద్దరు మనుషులు ఎదురవుతారు. ఒకరు కమీషన్ ఏజెంటు. తెలంగాణ యార్డులలో ఆయననే అడ్తిదారు అంటారు. సరుకు ఆయనది కాదు. అమ్మిపెట్టి తన కమీషను తాను తీసుకొంటాడు. రెండవవారు ఖరీదుదారు. సొంత సొమ్ముతో కొంటాడు. ధర పెరిగితే లాభమూ, తగ్గితే నష్టమూ ఆయనవే.

షేర్ల విపణిలో మొదటివానికి బ్రోకరు అనీ, రెండవవానికి డీలరు అనీ పేర్లు. అమెరికాలో 1934 నాటి చట్టం ఈ రెండింటినీ వేర్వేరుగా నిర్వచించింది. అక్కడి సంస్థలు తరచుగా రెండు పనులూ చేస్తాయి కనుక బ్రోకర్-డీలర్ అనే జంట పదం వాడుకలోకి వచ్చింది. మన దేశంలో సెబీ వద్ద నమోదైన స్టాక్ బ్రోకరు ఖాతాదారుల కోసం లావాదేవీలు జరపడంతోపాటు తన సొంత ఖాతాకు కూడా కొనుగోలు, అమ్మకాలు చేయవచ్చు. అయితే ఆ సంగతి ఖాతాదారులకు ముందుగా తెలియజేయాలి. అడ్తిదారే ఖరీదుదారు కూడా అయినప్పుడు తూకం దగ్గర రైతు కన్ను వేసి ఉంచడం సహజమే కదా!

సామాన్యుడు నేరుగా ఎక్స్ఛేంజీలో షేరు కొనలేడు. అందులో సభ్యత్వం గల బ్రోకరు ద్వారానే కొనాలి. మనం ఆర్డరు ఇస్తే బ్రోకరు మన ఖాతాలో సొమ్ము ఉన్నదా లేదా చూసి, దానిని ఎన్‌ఎస్‌ఈకి గాని, బీఎస్‌ఈకి గాని పంపుతాడు. అక్కడ కంప్యూటరు కొనేవారిని, అమ్మేవారిని జతపరుస్తుంది. ఆపై క్లియరింగ్ కార్పొరేషన్ ఉభయులకూ పూచీగా నిలుస్తుంది. 2023 జనవరి నుండి అన్ని షేర్లకూ మరుసటి పనిదినాననే లెక్క తీరుతున్నది. కొన్న షేర్లు చేరేది బ్రోకరు బీరువాలోకి కాదు. 1996లో మొదలైన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో మొదలైన సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలలో మన పేర ఉన్న డీమ్యాట్ ఖాతాలోకి. కనుక బ్రోకరు ద్వారం వంటివాడే గాని గాదె కాడు.

ఒకప్పుడు హైదరాబాదు, బెంగళూరు, మద్రాసు, భువనేశ్వర్‌లకు వేర్వేరు ఎక్స్ఛేంజీలు ఉండేవి. హైదరాబాదు ఎక్స్ఛేంజీ 2007లో గుర్తింపు కోల్పోయింది. తక్కినవి ఆ తరువాతి సంవత్సరాలలో మూతపడ్డాయి. ఇప్పుడు సరిహద్దుకు ఏ వైపున ఉన్నా విపణి ఒక్కటే, సెబీ ఒక్కటే. స్టాంపు సుంకం మాత్రం చాలా కాలం రాష్ట్రానికొక తీరుగా ఉండేది. 2020 జూలై 1 నుండి దేశమంతటా సమానం చేశారు. లక్ష రూపాయల షేర్లు కొని అట్టిపెట్టుకొంటే సుంకం 15 రూపాయలు. అది కొనుగోలుదారు నివసించే రాష్ట్రానికి చేరుతుంది. దీనికితోడు లావాదేవీ పన్ను మరో 100 రూపాయలు. బ్రోకరేజి వేరు, దానిపై జీఎస్టీ వేరు.

ద్వారం గాదెగా మారితే ఏమవుతుందో తెలుగువారికి హైదరాబాదు కేంద్రంగా నడచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఉదంతం నేర్పింది. అప్పట్లో ఖాతా తెరిచేటప్పుడు ఖాతాదారులు బ్రోకరుకు పవర్ ఆఫ్ అటార్నీ, అంటే అధికార పత్రం, రాసి ఇచ్చేవారు. అమ్మిన షేర్లను కొన్నవారికి అప్పగించడానికి ఉద్దేశించిన సౌకర్యమది. దానిని ఆధారం చేసుకొని ఖాతాదారుల షేర్లను సంస్థ తన డీమ్యాట్ ఖాతాలోకి మళ్ళించి, తనవే అన్నట్లు బ్యాంకుల వద్ద, ఇతర రుణదాతల వద్ద తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. ఆ అప్పులు రెండు వేల కోట్ల రూపాయలకు మించాయి. 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి కొత్త ఖాతాదారులను చేర్చుకోరాదని నిషేధించింది. డిసెంబరు 2న 82,559 మందికి వారి షేర్లు తిరిగి చేరాయి. మిగిలినవారు వేచి ఉండవలసి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సెబీ ఆ సంస్థను, దాని అధిపతిని 7 సంవత్సరాలు విపణి నుండి బహిష్కరించింది. మే నెలలో రిజిస్ట్రేషన్ రద్దు చేసింది.

ఆ దెబ్బతో నియమాలు మారాయి. 2020 సెప్టెంబరు 1 నుండి షేర్లను హామీగా పెట్టాలన్నా అవి మన ఖాతాలోనే ఉండి తాకట్టు గుర్తు పడుతుంది. దానికి మన ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. 2022 నవంబరు నుండి విస్తృతమైన అధికార పత్రానికి బదులు డీడీపీఐ అనే పరిమిత పత్రం వచ్చింది. అదీ తప్పనిసరి కాదు. సంతకం చేయకపోతే అమ్మిన ప్రతిసారీ ఓటీపీతో అనుమతి ఇవ్వాలి. కాస్త శ్రమే గాని, ఏడాదికి ఒకటి రెండుసార్లు అమ్మేవారికి ఆ శ్రమ ఎక్కువేమీ కాదని నా అభిప్రాయం.

చిన్న పట్టణాలలో బోర్డు పెట్టుకొని కూర్చునే వ్యక్తి సాధారణంగా బ్రోకరు కాడు, బ్రోకరు తరపు ఆథరైజ్డ్ పర్సన్. పాత సబ్-బ్రోకరు వ్యవస్థ 2019 మార్చితో ముగిసింది. ఆయన తెలిసినవాడే కావచ్చు, వరుసకు బావో, మామో కూడా కావచ్చు. అయినా సొమ్మును నగదుగా గాని, ఆయన సొంత ఖాతాకు గాని ఇవ్వరాదు. బ్రోకరు సంస్థ పేర ఉన్న ఖాతాదారుల బ్యాంకు ఖాతాకే పంపాలి. నెలకు ఇంత వస్తుందని పూచీ ఇవ్వడం బ్రోకరుకైనా, ఆయన మనిషికైనా నిషిద్ధం. ఇక డబ్బా వ్యాపారమనే దందాలో ఎక్స్ఛేంజీకి ఆర్డరే వెళ్ళదు. అంతా నోటి లెక్క. అక్కడ సొమ్ము పోతే ఎక్స్ఛేంజీ వద్ద దావా చేయడానికి ఆధారమే ఉండదు.

నిజమైన లావాదేవీకి ఆనవాలు కాంట్రాక్టు నోటు. అది 24 గంటలలోగా రావాలి. అందులో ఏ షేరు, ఎన్ని, ఏ ధర, ఏ సమయం, బ్రోకరేజి ఎంత అన్నీ ఉంటాయి. డిపాజిటరీ నుండి వచ్చే ఖాతా నివేదికతో దానిని సరిచూసుకోవాలి. బ్రోకరు యాప్‌లో కనిపించే అంకెలతో తృప్తి పడరాదు. కార్వీ ఖాతాదారులలోనూ చాలామంది సంస్థ చూపిన లెక్కనే నమ్మారు. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చే హక్కులు, బాధ్యతల పత్రాన్ని తెలుగులో ఇమ్మని అడగవచ్చు. కన్నడమో, ఒడియానో బడిలో చదివి, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు తమకు నచ్చిన భాషలో తీసుకోవచ్చు.

ఫిర్యాదు ముందుగా బ్రోకరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. తీరకపోతే సెబీ వారి స్కోర్స్‌లో నమోదు చేయాలి. అక్కడ 21 రోజుల గడువు ఉంటుంది. 1800 266 7575 అనే ఉచిత నంబరులో తెలుగుతో సహా పలు భాషలలో సమాధానం లభిస్తుంది. బ్రోకరు దివాలా తీసినట్లు ఎక్స్ఛేంజీ ప్రకటిస్తే, నిర్ణీత గడువులోగా పెట్టుబడిదారుల రక్షణ నిధికి దావా దాఖలు చేయాలి. దానికి జతపరచవలసినవి ఆ కాంట్రాక్టు నోట్లు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళు.