బొగ్గు పొరల గ్యాసు: కూలీకి దక్కేదేమిటి?

బొగ్గు పొరల్లో దాగి ఉన్న మీథేన్ గ్యాసును తోడి పొయ్యిలకు, బస్సులకు, ఎరువుల ఫ్యాక్టరీలకు వాడుకోవాలని పాలకులు చెబుతున్నారు. బొగ్గు కాల్చడం కంటే దీనికి పొగ, మసి తక్కువన్న మాట నిజమే. కాని ఎవరి భూమిలో, ఎవరి నీళ్లు తోడి, ఎవరి లాభం కోసం అన్న ప్రశ్న కూలీలు అడగకుంటే మరెవరూ అడగరు.

సంగతి ఇది. బొగ్గులోని సన్నని రంధ్రాలకు గ్యాసు అంటుకొని ఉంటుంది. నీటి ఒత్తిడి దాన్ని కదలనియ్యదు. బావి తొలిచి ఆ నీటిని తోడేస్తే ఒత్తిడి తగ్గి గ్యాసు పైకొస్తుంది. గని కార్మికుడికి ఇది పాత శత్రువు. 1958లో బెంగాల్ చినాకురి గనిలో పేలుడుకు 170 మందికి పైగా బలయ్యారు. గని తవ్వకముందే గ్యాసు తీస్తే కార్మికుడి ప్రాణానికి మేలే. ఆ మేలును మనం కాదనం.

అయితే తోడిన నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. పొలంలోకి వదిలితే నేల చెడుతుంది. అమెరికాలోని పౌడర్ రివర్ లోయలో ఈ తోడకం వల్ల భూగర్భ జలమట్టం పడిపోయింది. బావులు తొలిచేది యంత్రాలు, బయటి నిపుణులు. ఊరి కూలీకి మిగిలేది ఏ కాపలా పనో.

1997లో కేంద్రం దీనికి విధానం ప్రకటించింది. 2007లో రాణీగంజ్‌లో వ్యాపార ఉత్పత్తి మొదలైంది. మన దగ్గర బొగ్గున్నది గోదావరి లోయలో: ఎల్లందు, కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి. న్యాల్‌కల్ నేల కింద బొగ్గు లేదు, నల్లరాయి ఉంది. మరి మనకెందుకీ ముచ్చట అంటారా? భూమి పోతే కూలీ గతేమిటో ఈ మండలానికి తెలుసు గనుక.

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పేరుతో 12 వేల ఎకరాలకు పైగా తీసుకోవాలని తలపెట్టారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, మూడేళ్లుగా ఆ భూముల మీద బతికే కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్లు కూడా బాధిత కుటుంబాలే. 2015 జూలైలో వచ్చిన 123వ నంబరు జీవో ఆ చట్టాన్ని పక్కనబెట్టి నేరుగా కొనుగోలుకు దారి తీసింది. పట్టా ఉన్నవాడికి చెక్కు, కలుపు తీసినవాళ్లకు చెయ్యి! ఈ ప్రాంత కూలీలే హైకోర్టుకెక్కారు. 2016 ఆగస్టు 3న కోర్టు ఆ జీవోను కొట్టేసింది. ప్రభుత్వం అప్పీలుకు పోయింది గాని, భూమిలేనివాళ్లకూ సాయం ఉంటుందని ఆ నెలలోనే కొత్త ఉత్తర్వులు ఇవ్వక తప్పలేదు. కూలీ అడిగాడు గనుకనే ఆ మాత్రం కదిలింది.

తమిళనాడులో కావేరి డెల్టా ప్రజలు ఇదే గ్యాసు పథకం మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2020లో ఆ రాష్ట్రం డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా చట్టం చేసింది. అక్కడ కొత్త గ్యాసు బావులకు వీల్లేదు.

ఇంకో మాట. పశువుల కొట్టంలో పుట్టేదీ మీథేనే. 25 కిలోల పేడకు సుమారు ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాసు వస్తుంది. గ్యాసు పోయాక మిగిలిన మడ్డి మంచి ఎరువు. కాని 1981 నుంచి కేంద్రం నడిపిన గోబర్ గ్యాసు పథకం సబ్సిడీ ప్రధానంగా పశువులున్న ఇంటికే చేరింది. ఆసామి కొట్టంలో పేడ ఎత్తే అక్క మాత్రం కట్టెల పొయ్యి దగ్గరే మిగిలింది.

అందుకే మన కోరికలు ఇవి:
1. గ్యాసు బావి తవ్వే ముందు ఊరి బోర్లు, బావుల నీటిమట్టం కొలిచి గ్రామసభలో చదవాలి.
2. భూమి పోయే ప్రతిచోటా కూలీల, కౌలుదార్ల జాబితా పట్టాదార్ల జాబితాతో పాటే రాయాలి.
3. ఊరుమ్మడి గోబర్ గ్యాసు ప్లాంట్లు పెట్టి, పేడ తెచ్చిన కూలీకి తూకం ప్రకారం డబ్బు, భూమిలేని ఇళ్లకు ముందుగా గ్యాసు ఇవ్వాలి.

గ్రామసభ పెట్టిన రోజున కూలి పోయినా సరే, వెళ్లి కూర్చోండి. మీ పేరు జాబితాలో ఎక్కిందా లేదా చదివించుకోండి. ఎక్కకపోతే అక్కడే, అందరి ముందే రాయించండి.