పసి మనసుల్లో చిన్నచూపు: ఇల్లూ బడీ కలిసి దిద్దాలి

బడి నుంచి వచ్చిన పిల్లవాడు పుస్తకాల సంచి మూలన పడేసి, ‘‘అమ్మా, నన్ను పాకిస్తాన్ వెళ్లిపొమ్మంటున్నారు. అక్కడ మనవాళ్లెవరున్నారు?’’ అని అడిగితే ఆ తల్లి ఏమని జవాబు చెప్పాలి? అదే వీధిలో మరో ఇంట్లో మన పిల్లవాడే, ‘‘ఫలానా వాడి పక్కన కూర్చుని నేను అన్నం తినను, వాళ్లు తక్కువవాళ్లట’’ అంటే ఆ తండ్రి ఏం చేయాలి? మొదటి మాట వింటే మన రక్తం ఉడుకుతుంది. రెండో మాట విన్నప్పుడు మాత్రం ‘చిన్నపిల్లాడు, వాడికేం తెలుసు’ అని నవ్వి ఊరుకుంటాం. నిజానికి ఈ రెండూ వేర్వేరు జబ్బులు కావు. ఒకే జబ్బుకు రెండు ముఖాలు.

ఉర్దూలో ఈ జబ్బును తఅస్సుబ్ అంటారు. అరబీలో ఈ మాటకు మూలమైన ధాతువుకు ‘బిగించి కట్టడం’ అని అర్థం. మనిషి తనను తన వర్గంతో బిగించి కట్టేసుకుని, ఎదుటివాడు ఎలాంటివాడో చూడకుండానే తీర్పు చెప్పేస్తే అదే తఅస్సుబ్. మతం పేరుతో కావచ్చు, కులం పేరుతో కావచ్చు, ఒంటి రంగు, యాస, తండ్రి చేసే పని, ఇంటి పేదరికం ఏదైనా కావచ్చు. తల్లి కడుపులోంచి ఎవరూ దీన్ని వెంట తెచ్చుకోరు. పెద్దల మాటల్లోంచి, చూపుల్లోంచి పిల్లలు ఏరుకుంటారు.

మన ఇళ్లలో తాలీమ్, తర్బియత్ అనే రెండు మాటలు తరచు వినిపిస్తాయి. తాలీమ్ అంటే చదువు, తర్బియత్ అంటే నడవడి నేర్పే పెంపకం. చదువు బడిది, పెంపకం ఇంటిది అని మనం పంచేసుకున్నాం. పిల్లవాడు ఒక తప్పుడు మాట అంటే బడి ఇంటివైపు వేలు చూపిస్తుంది, ఇల్లు బడివైపు చూపిస్తుంది. ఈ మధ్యలో ఆ మాట పిల్లవాడి నోట పాతుకుపోతుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

కొట్టినవాడికీ చికిత్స కావాలి

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో జరిగిన సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. హోంవర్కు చేయలేదన్న కారణం చూపి ఒక ఉపాధ్యాయురాలు ఏడేళ్ల ముస్లిం బాలుణ్ణి నిలబెట్టి, తోటి విద్యార్థుల చేత చెంపదెబ్బలు కొట్టించింది. ఆ దృశ్యం వీడియోలో దేశమంతా చూసింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ న్యాయమూర్తులు అన్న ఒక విషయం ప్రత్యేకంగా గమనించదగ్గది. దెబ్బలు తిన్న బాలుడికి నిపుణుల చేత కౌన్సెలింగ్ ఇప్పించమని చెప్పి వారు ఆగలేదు. కొట్టిన పిల్లలకు కూడా ఇప్పించమన్నారు. ఆ పని ఎలా జరగాలో సూచించే బాధ్యతను టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కు అప్పగించారు.

ఇందులో గొప్ప వివేకం ఉంది. దెబ్బ తిన్న పిల్లవాడి మనసు గాయపడిందని అందరికీ తెలుస్తుంది. కొట్టిన పిల్లవాడి మనసు కూడా చెడిందని ఎందరికి తోస్తుంది? ‘వీణ్ణి కొట్టవచ్చు, పెద్దవాళ్లే కొట్టమంటున్నారు’ అన్న పాఠం ఒకసారి తలకెక్కితే, ఎక్కాల కంటే గట్టిగా గుర్తుండిపోతుంది.

అదే 2023 ఆగస్టులో తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో మరో ఘోరం జరిగింది. పన్నెండో తరగతి చదువుతున్న ఒక దళిత విద్యార్థి తోటి విద్యార్థుల వేధింపులు భరించలేక బడికి వెళ్లడం మానేశాడు. కారణమేమిటని బడివారు ఆరా తీస్తే జరిగింది చెప్పాడు. ఆ తర్వాత వేరే కులానికి చెందిన ఆ విద్యార్థులు రాత్రివేళ ఇంటి మీదికి వచ్చి అతణ్ణి కొడవళ్లతో నరికారు. అడ్డుపడిన చెల్లెలికీ గాయాలయ్యాయి. ఆ బాలుడు బతికాడు, మరుసటి ఏడాది పరీక్షలు రాసి ఉత్తీర్ణుడయ్యాడు. ప్రభుత్వం నియమించిన విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు 2024 జూన్‌లో నివేదిక ఇచ్చారు. కులాన్ని తెలిపే రంగుల తాళ్లు విద్యార్థులు చేతికి కట్టుకోవడాన్ని నిషేధించాలని, బడుల పేర్లలోంచి కులం పేర్లు తొలగించాలని అందులో సూచించారు.

ఆలోచించండి. ఆ రంగు తాడు చేతికి కట్టుకుని పిల్లవాడు రోజూ ఇంట్లోంచే బయలుదేరాడు. రోజూ బడి గేటు దాటి లోపలికి వచ్చాడు. అటు ఇల్లూ చూసింది, ఇటు బడీ చూసింది. అయినా అది ఎవరికీ పెద్ద విషయంగా కనిపించలేదు.

మన గడప లోపల

ముస్లిం పిల్లలు బడిలో ఎదుర్కొనే చిన్నచూపు కట్టుకథ కాదు. పలు నగరాల్లో ముస్లిం తల్లులతో మాట్లాడి నాజియా ఏరమ్ రాసిన ‘మదరింగ్ ఎ ముస్లిం’ అనే పుస్తకం 2018లో దేశమంతటా చర్చకు వచ్చింది. పేరున్న ప్రైవేటు బడుల్లో సైతం పసిపిల్లలు ‘పాకిస్తానీ’, ‘టెర్రరిస్టు’ అనిపించుకుంటున్నారని ఆ తల్లులు చెప్పారు. దీని మీద న్యాయం అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా.

అయితే న్యాయం అడిగే చెయ్యి శుభ్రంగా ఉండాలి. మన పల్లెల్లో, పట్టణాల్లో నూర్‌బాషాలు ఉన్నారు. దూదేకులవారు, లద్దాఫ్‌లు, పింజారీలు అని కూడా వారిని పిలుస్తారు. పత్తి ఏకి పరుపులు కుట్టడం తరతరాలుగా వారి వృత్తి. వారిలో అత్యధికులకు ఇంటి భాష తెలుగే. ఉర్దూ రాదన్న ఒక్క కారణంతో వారి పిల్లల్ని ‘మీరేం ముసల్మానులు’ అని ఎగతాళి చేసేది ఎవరు? పరాయివారు కాదు, ఉర్దూ మాట్లాడే మన పిల్లలే. ఆ పిల్లవాడు ఒకవైపు తరగతిలో సాయిబు అనిపించుకుంటాడు, మరోవైపు మసీదు అరుగు మీద సగం సాయిబు అనిపించుకుంటాడు. ఇక వాడు తలెత్తుకునే చోటేది?

పేరు పెట్టి వెక్కిరించడాన్ని, ఒక వర్గం మరో వర్గాన్ని ఎగతాళి చేయడాన్ని సూరయె హుజురాత్ స్పష్టంగా నిషేధించిందని మనం జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి అవమానించారు. దైవప్రవక్త (స) ఆ మాటను తేలిగ్గా వదిలేయలేదు. ‘నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉంది’ అన్న భావంతో నేరుగా మందలించారు. మన చేతికింద పనిచేసేవారు మన సోదరులేనని, మనం తినేదే వారికి పెట్టాలని, మనం కట్టుకునేదే వారికి ఇవ్వాలని బోధించారు. ఆ తర్వాత అబూజర్ (రజి) తన సేవకుడికి తాను వేసుకున్నలాంటి దుస్తులే ఇచ్చేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. మందలింపు విన్నంత మాత్రాన ఆయన ఆగిపోలేదు. అన్నంలో, బట్టలో రోజూ ఆచరించి చూపారు. పిల్లల్ని దిద్దాలన్నా దారి ఇదే.

పక్కపక్కన కూర్చోబెడితే చాలా?

‘అన్ని వర్గాల పిల్లలూ ఒకే బడిలో చదువుతున్నారు, ఇంకేం కావాలి?’ అని కొందరు అంటారు. అది చాలదు. పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుని కూడా ఒకరినొకరు ద్వేషించుకోవచ్చు. దురభిప్రాయాల స్వభావంపై అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ఒక గ్రంథం రాశారు. వేర్వేరు వర్గాలవారు కలిసినప్పుడు చిన్నచూపు తగ్గాలంటే కొన్ని షరతులుండాలని అందులో చెప్పారు. ఇద్దరికీ సమాన స్థానం ఉండాలి. ఇద్దరి లక్ష్యం ఒకటై ఉండాలి. దాన్ని సాధించడానికి ఒకరి సాయం ఒకరికి కావాలి. పెద్దల మద్దతు బాహాటంగా ఉండాలి.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని ఆస్టిన్ నగరం. 1971లో అక్కడ తెల్ల, నల్ల, మెక్సికన్ సంతతి పిల్లల్ని మొదటిసారి ఒకే బడుల్లో కలిపితే కొట్లాటలు మొదలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే శాస్త్రవేత్త ఒక తేలికైన ఉపాయం చెప్పారు. అన్ని వర్గాల నుంచి ఐదారుగురు పిల్లల్ని ఒక జట్టు చేసి, పాఠాన్ని అన్ని ముక్కలు చేసి, తలా ఒక ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వారు చదివి మిగతావారికి చెప్పాలి. పరీక్ష మాత్రం పాఠమంతటి మీద ఉంటుంది. ఇంగ్లీషు సరిగా రాని మెక్సికన్ పిల్లవాడు తడబడితే మొదట్లో మిగిలినవారు వెక్కిరించారు. వెక్కిరిస్తే వాడి ముక్క తమకు దక్కదని, మార్కులు పోతాయని త్వరలోనే తెలిసొచ్చింది. దాంతో ఓపిగ్గా ప్రశ్నలు వేసి చెప్పించుకోవడం నేర్చుకున్నారు. వాడు తాము అనుకున్నంత తెలివితక్కువవాడు కాడని కూడా గ్రహించారు. దీనికి ఖర్చేమీ లేదు. కృష్ణానది పాఠాన్ని ఐదు ముక్కలు చేసి మన ఊరి బడిలో కూడా ఇలా చెప్పవచ్చు.

మన దేశంలోనూ రుజువులున్నాయి. ఢిల్లీలో 2007 నుంచి ఖరీదైన ప్రైవేటు బడులు పేద పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వవలసి వచ్చింది. దాని ఫలితాలను ఆర్థికవేత్త గౌతమ్ రావు పరిశీలించారు. పేద పిల్లలతో కలిసి చదివిన సంపన్నుల పిల్లల్లో దానగుణం పెరిగిందని, జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నప్పుడు పేదవారిపట్ల వివక్ష తగ్గిందని 2019లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు. ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ పోటీలు జరిపించిన మ్యాట్ లో అనే పరిశోధకుడు 2021లో మరో సంగతి బయటపెట్టారు. ఒకే జట్టులో కలిసి ఆడినవారి మధ్య స్నేహాలు పెరిగాయి. ఎదురెదురు జట్లలో ఆడినందువల్ల ఆ మేలు కలగలేదు. కాబట్టి మన మొహల్లా కుర్రాళ్లు ఒక జట్టు, పక్క పేట కుర్రాళ్లు మరో జట్టు అని మ్యాచ్ పెట్టి దాన్ని సోదరభావం అని పిలుచుకుంటే సరిపోదు. రెండు జట్లలోనూ రెండు పేటలవారూ ఉండాలి.

పండుగనాడు పొరుగువారికి షీర్‌ఖుర్మా పంపడం మంచి ఆచారమే, మానవద్దు. కాని ఏడాదికి ఒక గిన్నెతో పిల్లల మనసులు కలవవు. కలిసి చేసే పని ఉండాలి.

మాట పడినప్పుడు, మాట అన్నప్పుడు

మన పిల్లవాడు అవమానపడి ఇంటికి వస్తే ‘పోనీలే బేటా, పట్టించుకోకు’ అని నోరు మూయించవద్దు. వెంటనే నలుగురిని వెంటబెట్టుకుని బడి మీదికి వెళ్లనూ వద్దు. ముందు పిల్లవాడు చెప్పేది పూర్తిగా వినాలి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏ మాట అన్నారో కాగితం మీద రాసుకోవాలి. తల్లీతండ్రీ ఇద్దరూ వెళ్లి క్లాసు టీచర్‌తో మాట్లాడాలి. ‘వాణ్ణి కొట్టండి’ అని కోరవద్దు. ‘ఈ మాట ఈ తరగతిలో మళ్లీ వినిపించకుండా మీరేం చేస్తారు, ఇంట్లో మేమేం చేయాలి?’ అని అడగాలి. నెల తర్వాత మళ్లీ వెళ్లి కనుక్కోవాలి.

ఉపాధ్యాయులు ఇద్దరు పిల్లలతోనూ విడివిడిగా మాట్లాడాలి. అవమానపడినవాణ్ణి అందరి ముందు నిలబెట్టి జరిగింది చెప్పించడం రెండో అవమానం అవుతుంది. అన్న పిల్లవాడి తల్లిదండ్రులను దోషుల్లా కాకుండా సాయం కోరుతున్నట్టు పిలిపించాలి. ‘ఈ మాట మీవాడు ఎక్కడ విన్నాడో కనుక్కుందాం’ అంటే తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు ఆ మాట వినిపించేది అరుగు మీదే కాదు, ఇంట్లోని సెల్‌ఫోన్ వీడియోల్లో కూడా.

ఇక ఆ మాట అన్నది మనవాడే అని బడి నుంచి కబురొస్తే? అసలు పరీక్ష అదే. ‘మావాడు అలాంటివాడు కాదు’ అని వెనకేసుకు రావద్దు. అందరి ముందు చెంప పగలగొట్టడం కూడా దిద్దుబాటు కాదు. ఎవరిని అవమానించాడో ఆ పిల్లవాడికి క్షమాపణ చెప్పించాలి. వీలైతే ఆ తల్లిదండ్రులను మనమే వెళ్లి కలవాలి. అన్నిటికంటే ముందు మన ఇంట్లో పనిమనిషి గురించి, పొరుగువారి గురించి, వేరే మతంవారి గురించి పిల్లల ఎదుట ఏ మాటలు దొర్లుతున్నాయో గమనించుకోవాలి.

చట్టం కూడా చోటిచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, కమిటీలో సగం మంది స్త్రీలుండాలని చెప్పింది. ఆ కుర్చీల్లో మన తల్లులు ఎందరు కూర్చుంటున్నారు? కమిటీలో గోడల సున్నం, మరుగుదొడ్ల మరమ్మతు గురించి మాట్లాడినట్టే, మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో కూడా మాట్లాడాలి. కూలికి వెళ్లే తల్లిదండ్రులు రాగలిగే వేళకు సమావేశం పెట్టమని బడిని అడగాలి. ఉర్దూ మాత్రమే వచ్చిన తల్లికి తెలుగులోకి, తెలుగు మాత్రమే వచ్చిన తల్లికి ఉర్దూలోకి చెప్పేవారు ఒకరుండేలా చూడాలి.

బడిలో మన పిల్లవాడికి గౌరవం దక్కాలని కోరుకోని తల్లి లేదు. అదే బడిలో ఇంకో తల్లి తన పిల్లవాడి కోసం అదే కోరుకుంటోంది. ఆమె పిల్లవాడికి ఆ గౌరవం ఇవ్వవలసినవారిలో మన పిల్లవాడు కూడా ఒకడు. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అడిగాక, ‘మావాడు తోటిపిల్లలతో ఎలా ఉంటున్నాడు?’ అని కూడా అడగండి. టీచర్ చెప్పే జవాబు ఏదైనా ఓపిగ్గా వినండి.