గొంతు మారవచ్చు, చెవి మారదు

మా పరవాడ తీర్థంలో బుర్రకథకుడికి గొంతు పోయిందనుకోండి. పక్కనున్న వంతగాడు కథ అందుకుంటాడు. 2016లో ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా హార్డ్ రాక్ బృందానికి ఇంచుమించు ఇదే జరిగింది. అయితే అక్కడ పోయింది గొంతు కాదు, చెవి!

ప్రపంచయాత్ర సాగుతుండగానే, కచేరీలు ఆపకపోతే పూర్తిగా చెవుడు వస్తుందని గాయకుడు బ్రయాన్ జాన్సన్‌ని డాక్టర్లు హెచ్చరించారు. 1980లో బాన్ స్కాట్ చనిపోయినప్పుడు కొత్తగా వచ్చింది ఈయనే. ఇప్పుడు ఈయన బదులు ఆక్సెల్ రోజ్ మే 7న లిస్బన్‌లో, విరిగిన కాలితో కుర్చీలో కూర్చునే పాడాడు.

కారణం ఏమిటి? చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో సన్నని రోమకణాలుంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. వరినారు పోతే మళ్ళీ పోసుకుంటాం. ఇవి పోతే మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటల వరకు ఫరవాలేదంటారు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే!

జాన్సన్ తరవాత మళ్ళీ వేదిక ఎక్కాడు. మా నాన్న మాత్రం ఏళ్ళ తరబడి ఆయిల్ ఇంజను పక్కనే నీళ్ళు కట్టాడు. ఇప్పుడు రెండుసార్లు పిలిస్తేగాని పలకడు. ఆయన బదులు వినడానికి ఎవరొస్తారు?

మిత్రులారా, ఈసారి కాలేజీ డే నాడు స్పీకరు ముందు నుంచి ఓ పదడుగులు వెనక్కి జరగండి. పాట అక్కడికీ వినిపిస్తుంది!