కుక్క మెడకు కరెంటు బెల్టు: కాటు ఎవరికి?

గోదావరిఖని నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె భర్త భూగర్భ గనిలో కార్మికుడు. కంపెనీ క్వార్టరులో కాపురం. ఇంట్లో మూడేళ్ళ కుక్క ఉన్నది. పక్క క్వార్టరాయనకు నైట్ షిఫ్టు. పొద్దున వచ్చి ఆయన కన్ను మూయబోయే వేళకు, దారిన పోయే ప్రతి సైకిలునూ స్కూటరునూ చూసి ఇది మొరుగుతుంది. మాటా మాటా పెరిగింది. హైదరాబాదులో చదువుతున్న కొడుకు, రిమోటు నొక్కితే కుక్క మెడకు కరెంటు తగిలే బెల్టు ఒకటి తెప్పించి పంపాడు.

"పది రోజులుగా వాడుతున్నాము. మొరుగుడు కొంత తగ్గింది. కాని మొన్న పక్కింటి పాప గేటు దగ్గరికి వస్తే, ఎన్నడూ లేనిది, పళ్ళు బయటపెట్టి గుర్రుమన్నది. సైరను మోగితే మంచం కిందికి దూరుతున్నది. కరెంటు ఇంకా పెంచమంటారా?" అని ఆమె ప్రశ్న.

వద్దమ్మా, పెంచకండి. ముందు ఆ బెల్టు తీసి బీరువాలో పెట్టండి. తరువాత మిగతాది చదవండి.

నేను మనుషులకు మందిచ్చేవాణ్ణి. అయినా ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ఆ పాప.

ఆ బెల్టులో బ్యాటరీతో పనిచేసే చిన్న పెట్టె, దానికి రెండు లోహపు ముళ్ళు ఉంటాయి. రిమోటు నొక్కగానే ముళ్ళ మధ్య క్షణకాలం కరెంటు ప్రవహిస్తుంది. ఇది గోడ ప్లగ్గులోని కరెంటు వంటిది కాదు. కాని నొప్పి నొప్పే. కుక్క చర్మపు పైపొర మన చర్మం కంటే బాగా పలచన. "నా చేతి మీద పెట్టి చూసుకున్నాను, ఏమీ కాలేదు" అనే ధీమా అందుకే చెల్లదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ఆ పరీక్ష అసలే చేయకూడదు.

అసలు చిక్కు నొప్పితో తీరదు. ఆ నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో కుక్కకు తెలియదు. గంట చప్పుడుకూ తిండికీ లంకె పడి కుక్క నోట నీరూరడం గురించి రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ చెప్పింది చాలామంది చదువుకునే ఉంటారు. భయానికీ ఇదే సూత్రం. మీరు "మొరిగినందుకు" అనుకొని నొక్కుతారు. ఆ క్షణాన కుక్క కళ్ళ ముందున్నది పాప. చెవిన పడింది సైరను. "ఈ పిల్ల వస్తే మెడ మీద ఏదో కుడుతుంది" అని దాని లెక్క. గుర్రుమనడం అది ఇచ్చే హెచ్చరిక. దాన్ని కూడా కరెంటుతో అణచివేస్తే రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుకు కిటికీలు అదిరే కాలనీలలో కుక్కలు అసలే బెదిరి ఉంటాయి. వాటికి ఇది మరింత ప్రమాదం. వేల్స్ దేశంలో 2010లోనే ఇటువంటి బెల్టులను నిషేధించారు. మన దేశంలో కూడా జంతువులను అనవసరంగా బాధించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం.

ఇంత చెప్పినా వాడేవారు వాడతారు. వారికి కొన్ని జాగ్రత్తలు. కూనలకు, ముసలి కుక్కలకు, చూలు కుక్కలకు, జబ్బు చేసినవాటికి, పిరికివాటికి, ఇదివరకే కరిచినవాటికి ఈ బెల్టు కట్టరాదు. చాలా బెల్టులలో చప్పుడో, వణుకో మాత్రమే ఇచ్చే మీట ఉంటుంది. దానితోనే సరిపెట్టుకోవాలి. శిక్షణ ఇచ్చే పది పదిహేను నిమిషాలు తప్ప మెడకు ఉంచకూడదు. ఆ బెల్టుకే గొలుసు తగిలించకూడదు, మెడకు ఉండగా చార్జింగు పెట్టకూడదు. రిమోటు పిల్లల చేతికి చిక్కకూడదు.

ముళ్ళు గంటల తరబడి ఒకేచోట ఒత్తుకుంటే అక్కడ రక్తప్రసారం తగ్గి పుండు పడుతుంది. మంచాన పడ్డ రోగికి వీపున పడే పుండు వంటిదే ఇదీ. చాలామంది కరెంటుకు కాలిందనుకుంటారు. బొగ్గుదుమ్ము, ఎండాకాలపు తడి చేరితే అది త్వరగా చీము పడుతుంది. రోజూ వెంట్రుకలు పాయ తీసి మెడ చూడండి. ఎర్రబడితే బెల్టు మానేసి పశువుల దవాఖానకు తీసుకువెళ్ళండి.

ఇక కాటు సంగతి. పెంపుడు కుక్కేగదా అని ఊరుకోవద్దు. కరిచినా, గోరు గీరుకొని రక్తం వచ్చినా, ధారగా పడే నీటితో సబ్బు పెట్టి పావుగంట కడగాలి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం ఇంకా కొందరిని ఆపుతోంది. ఆ మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు టీకా భుజానికే. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు వేసి, తరువాత 3, 7, 28వ రోజుల్లో మళ్ళీ వేస్తారు. రక్తం కారిన గాయానికి గాయంలోనే మరో మందు కూడా ఇస్తారు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండవలసిందే. కాని అది బాగుందా లేదా అని చూస్తూ టీకా ఆపకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

మళ్ళీ మీ ఇంటి విషయానికి వద్దాం. పక్కింటాయన నిద్ర కూడా ఆరోగ్య సమస్యే. రాత్రంతా గనిలో పనిచేసి పగలు నిద్రపోలేని మనిషికి మరునాడు పనిలో కునుకు వస్తే ఎంత ముప్పో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత ఆయన పడుకునే వేళకు కుక్కను గేటు దగ్గర కట్టకండి. దారి కనబడని చోట, వెనక వైపు నీడలో కట్టి, నీళ్ళు పెట్టండి. రామగుండం ఎండలకు నీళ్ళు లేక మొరిగే కుక్కలు తక్కువేమీ కాదు. పొద్దున్నే అరగంట నడిపించండి. సైకిలు పోయినా మొరగకుండా ఊరుకున్న ప్రతిసారీ రొట్టె ముక్క ఒకటి వేయండి. మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. అంతదాకా పాపను ఒంటరిగా గేటు దగ్గరికి రానివ్వవద్దని వాళ్ళ అమ్మతో మీరే వెళ్ళి చెప్పండి. కుక్కకు రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో ఉత్తరంలో రాయలేదు. ఆ చీటీ వెతకండి. ఏడాది దాటి ఉంటే రేపే వేయించండి.