గ్యాడ్జెట్ స్టార్టప్ పెట్టాలా? ముందు ముదినేపల్లి చెరువు గట్టు మీద ఒక రాత్రి ఉండి చూడండి

రోజూ ఫోన్లు, వాచ్‌లు రివ్యూ చేసే నన్ను ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, సొంతంగా ఒక పరికరం తయారు చేసి కంపెనీ పెడితే నిలబడుతుందా?" నిలబడుతుంది. కానీ బెంగళూరు వైపు చూసే ముందు గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు మీద ముదినేపల్లి దగ్గర బండి ఆపండి. రెండు వైపులా చెరువులే. హార్డ్‌వేర్ స్టార్టప్‌కి కావాల్సిన పాఠాలన్నీ అక్కడే దొరుకుతాయి.

1. నష్టం ఎక్కడుందో ముందు చూడండి

రొయ్యల చెరువులో అసలు ప్రమాదం తెల్లవారుజామున. పగలు నీటిలోని నాచు ఎండతో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ నాచు కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చేస్తుంది. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు డిఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. లీటరుకు 4, 5 మిల్లీగ్రాములు ఉంటే ఫర్వాలేదు. 3 కంటే దిగితే రొయ్య ఒత్తిడికి లోనవుతుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నెలల కష్టం ఒక్క రాత్రిలో పోవచ్చు.

ఈ సమస్యకి ధర ఉంది, టైమ్ ఉంది, నిద్ర పోగొట్టుకునే మనిషి ఉన్నాడు. మీ ఐడియాలో ఈ మూడూ ఉన్నాయా? లేకపోతే అది ఇంకా ఐడియానే, వ్యాపారం కాదు.

2. మన దగ్గరే ఒక ఉదాహరణ: ఏరువాక

రావి శ్రీరామ్ 2012లో విజయవాడలో ఏరువాక టెక్నాలజీస్ మొదలుపెట్టారు. సోలార్‌తో నడుస్తూ చెరువులో తేలే పరికరం డిఓ, ఉష్ణోగ్రత లాంటివి కొలిచి రైతు ఫోన్‌కి పంపిస్తుంది. తర్వాత కంపెనీ మేత వైపు వెళ్లింది. రొయ్యలు మేత తింటున్నప్పుడు వచ్చే శబ్దాన్ని నీటిలోని మైక్‌తో విని, ఆకలిని బట్టి మేత వేసే ఆటోమేటిక్ ఫీడర్లు తెచ్చింది. ఆమ్నివోర్ ఫండ్ పెట్టుబడి పెట్టింది. తర్వాత నెదర్లాండ్స్‌కి చెందిన న్యూట్రెకో వచ్చింది. రొయ్యల సాగులో పెద్ద దేశమైన ఈక్వెడార్‌కీ ఈ పరికరాలు వెళ్లాయి.

ఇందులో నాకు కనిపించే పాఠం ఇది. ఆక్సిజన్ అలారం ఇన్సూరెన్స్ లాంటిది. ప్రమాదం రానంత కాలం రైతు దాన్ని ఖర్చుగానే చూస్తాడు. మేత అలా కాదు. రొయ్యల సాగులో సగానికి పైగా ఖర్చు దానిదే. అందులో కాస్త మిగిలినా ఆ పంట లెక్కల్లోనే కనిపిస్తుంది. భయాన్ని తగ్గించే పరికరం కంటే రోజువారీ ఖర్చు తగ్గించే పరికరం అమ్మడం తేలిక.

3. పరికరం కంటే ముందు సర్వీస్

మొదటి రోజే పీసీబీ డిజైన్ చేయకండి. చేత్తో పట్టుకునే డిఓ మీటర్ ఒకటి కొని, తెలిసిన అయిదుగురు రైతుల చెరువుల్లో ఒక పంట కాలం రాత్రిపూట మీరే కొలవండి. రీడింగ్ పడిపోతే ఫోన్ చేసి లేపండి. పంట చివర్లో డబ్బులు అడగండి. ఇచ్చారంటే కస్టమర్ దొరికినట్టే. "బాగుంది బాబూ" అని టీ ఇచ్చి పంపారంటే ఇంకా దొరకనట్టే.

ఇలా తిరిగితేనే తెలిసే విషయాలు ఉంటాయి. రొయ్యల రైతు అలారం రాగానే ఏరియేటర్ వేస్తాడు. చాలా చేపల చెరువుల్లో ఏరియేటర్లే ఉండవు. మీ అలారం మోగినా అతను వెంటనే చేయగలిగింది తక్కువ. ఒకే ఊళ్లో, పక్కపక్క చెరువుల్లో, ఇద్దరూ వేర్వేరు కస్టమర్లు.

4. స్పెక్ షీట్ చెరువులో పనిచేయదు

ఫోన్ రివ్యూల్లో ఐపీ68 అని గొప్పగా రాస్తాం. ఆ టెస్ట్ మంచినీటిలో జరుగుతుంది. ఉప్పునీరు, బురద, నాచు దాని లెక్కలోకి రావు. చెరువులో సెన్సర్‌కి నాచు పడితే రీడింగ్ తప్పుతుంది. ఎవరు తుడవాలి, ఎన్ని రోజులకి? ఇది కూడా డిజైన్‌లో భాగమే.

సిగ్నల్ బలహీనంగా ఉంటే ప్రతి చెరువుకీ సిమ్ పెట్టే బదులు లోరా రేడియోతో గట్టు మీది ఒక గేట్‌వేకి కలపొచ్చు. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ అక్కర్లేదు. త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోతే మోటార్ కాలిపోతుంది, కాబట్టి దాన్నీ గమనించాలి. తెల్లవారుజామున మూడింటికి యాప్ నోటిఫికేషన్‌కి ఎవరూ లేవరు. ఫోన్ కాల్ రావాలి, ఎత్తకపోతే రెండో నంబర్‌కి వెళ్లాలి.

5. లెక్క ముందే వేసుకోండి

ఒక ఉదాహరణ అనుకుందాం. పరికరం తయారీకి 15 వేలు, అమ్మకం ధర 25 వేలు. చేతికి 10 వేలు మిగిలింది. పంటకి 6 సార్లు టెక్నీషియన్ వెళ్లాలి, ట్రిప్పుకి 700. రెండేళ్లలో 4 పంటలు, 24 ట్రిప్పులు, 16,800 ఖర్చు. అంటే 6,800 నష్టం!

ఇప్పుడు ఒకే ట్రిప్పులో 7 చెరువులు చూసేలా కస్టమర్లను దగ్గర దగ్గరగా పెట్టుకోండి. ఒక్కో చెరువుకి ట్రిప్పు ఖర్చు 100. రెండేళ్లకి 2,400. లాభం 7,600. పరికరం అదే, ధర అదే. అందుకే మొదట్లో పది జిల్లాల్లో పది మంది కంటే ఒక్క మండలంలో యాభై మంది మేలు.

డబ్బు వసూలు కూడా పంటని బట్టే. వనామీ రైతు చేతికి మూడు నాలుగు నెలలకి, పట్టుబడి అయ్యాకే డబ్బు వస్తుంది. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ పెడితే రెండో నెలకే ఆగిపోతుంది. పంటకింత అని అద్దె పెట్టండి.

6. పెట్టుబడి, చట్టం

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ స్కీమ్ 2021లో మొదలైంది. ఇంక్యుబేటర్ ద్వారా ప్రోటోటైప్‌కి 20 లక్షల వరకు గ్రాంట్, మార్కెట్‌కి వెళ్లడానికి అప్పు లేదా కన్వర్టిబుల్ డిబెంచర్ రూపంలో 50 లక్షల వరకు ఇచ్చేలా దాన్ని పెట్టారు. అప్లై చేసే నాటికి కంపెనీ వయసు రెండేళ్లు దాటకూడదన్నది షరతు. తాజా నిబంధనలు చూసుకుని దిగండి.

చెరువు ఎక్కడుందో కూడా చూడండి. కొల్లేరులో అయిదో కాంటూరు లోపలి ప్రాంతం అభయారణ్యం. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అక్కడి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మీ కస్టమర్ చెరువే చట్టవిరుద్ధమైతే మీ వ్యాపారమూ దానితో పోతుంది.

చివరిగా ఒక మాట. కొత్త పరికరం చేతికి రాగానే మనం స్పెక్స్ చూస్తాం. రైతు మాత్రం "పాడైతే ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంటేనే కంపెనీ రిజిస్టర్ చేయండి.